పై నీటి చేపకు మూతే ముఖ్యం

సంపాదకులకు,

వానలు మొదలయ్యాయంటే పత్రికల ఆరోగ్య పేజీల్లో ఒక సలహా తప్పకుండా కనిపిస్తుంది: తామర కుండీల్లో, నీటి తొట్లలో గంబూసియా చేపలు వేసుకోండి, దోమలు పుట్టవు అని. చేపలు దోమ పిల్లల్ని తింటాయన్నది నిజమే. అయితే ఆ పని చేసే చేప మన చెరువుల్లో, పంట కాలవల్లో, ఉప్పుటేర్లలో ఎప్పటి నుంచో ఉంది. గంబూసియా అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చేప. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది కాబట్టి ఒకసారి చెరువులో పడితే ఇక దాన్ని ఏరి బయట వేయడం ఎవరి తరమూ కాదు. దోమ పిల్లలతో ఆగదు. ఇతర చేపల గుడ్లు, తోకకప్పలు తింటుంది, పక్క చేపల రెక్కలు కొరుకుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రపంచంలోని 100 అతి హానికర చొరబాటు జీవుల జాబితాలో దాన్ని చేర్చింది. దోమల పేరు చెప్పి ఇంటింటికీ దాన్ని పంచడం మాకు బాధగా ఉంది.

దాని బదులు వేసుకోదగ్గ చేప పేరు పాంచాక్స్. కిల్లీ చేపల కుటుంబాల్లోది. కిల్లీ అన్న మాట డచ్ భాష నుంచి వచ్చింది, చిన్న వాగు అని అర్థం. ఇంగ్లీషు మాట కిల్‌తో, అంటే చంపడంతో, దానికి సంబంధం లేదు. 1822లో ప్రకృతి శాస్త్రవేత్త హామిల్టన్ గంగా ప్రాంతపు చేపల్ని వర్ణిస్తూ దీన్ని శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. ఎండలో కాలవ గట్టున నిలబడి చూస్తే ముందు చేప కనబడదు, నీటి అంచున కదులుతున్న ఒక వెండి చుక్క కనబడుతుంది. అది దాని నడినెత్తిన ఉండే మచ్చ. బెంగాలీలు అందుకే దాన్ని తేచోఖా, అంటే మూడు కళ్ళది, అంటారు. దీని అన్న లాంటి చారల పాంచాక్స్‌ను మలయాళీలు మానత్తుకణ్ణి అంటారు, ఆకాశం వైపు కన్ను పెట్టినది అని. ఈ రెండు పేర్లలోనే చేప స్వభావమంతా ఉంది. బల్లపరుపు తల, చదునైన వీపు, పైకి తెరుచుకునే నోరు, బాగా వెనక్కి జరిగిన వీపు రెక్క: ఇదంతా నీటి పై పొరకు ఆనుకుని బతకడానికి ఏర్పడిన శరీరం. పైన పడి కొట్టుకునే పురుగు రేపే చిన్న అలల్ని తలపైనున్న జ్ఞానాంగాలతో పసిగట్టి, పురుగు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చీకట్లో కూడా తెలుసుకోగలదు. చారల పాంచాక్స్ మీద జర్మన్ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని వివరంగా పరిశోధించారు.

దోమ పిల్లలు కూడా ఊపిరి కోసం నీటి పైకే వస్తాయి. మలేరియా దోమ పిల్ల నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటుంది, క్యూలెక్స్ అనే మరో రకం దోమ పిల్ల తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతుంది. రెండూ సరిగ్గా ఈ చేప నోటి ముందే ఉంటాయి. 1990లలో గోవాలో మలేరియా పరిశోధకులు ఈ జాతిలోనే చిన్నదైన ఆకుపచ్చ పాంచాక్స్‌ను, దానితో పాటు దోమ పిల్లల్ని చంపే బాక్టీరియా మందును నగరాల్లో మలేరియా వ్యాపింపజేసే దోమ మీద ప్రయోగించారు. కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టాల్సిన ఉపాయం కాదు.

అయితే ఈ చేపను ఇంటికి తెచ్చుకున్న వాళ్ళలో చాలామంది నెల తిరక్కుండానే పోగొట్టుకుంటున్నారు. చేప బలహీనమైనది కాదు. మంచినీళ్ళలోనూ, కాస్త ఉప్పు కలిసిన నీళ్ళలోనూ బతికే మొండి చేప. లోపం తొట్టి సర్దడంలో ఉంది. మనం ఆక్వేరియం అనగానే కింద నుంచి మొదలుపెడతాం: రంగు రాళ్ళు, బొమ్మలు, ఇసుక, మొక్కలు. ఈ చేపకు అవేవీ పట్టవు. దాని కాపురమంతా పైనున్న రెండు మూడు అంగుళాల నీటిలోనే. తొట్టిని అక్కడి నుంచి కిందికి సర్దుకు రావాలి.

మొదట మూత. ఎగిరే పురుగును అందుకోవడానికి నీళ్ళలోంచి పైకి దూకడం దీని సహజ గుణం. భయపడ్డా దూకుతుంది. చనిపోయిన పాంచాక్స్ చాలాసార్లు తొట్టిలో కాదు, బల్ల వెనక ఎండిపోయి దొరుకుతుంది. వేలు దూరేంత సందు ఉంటే చాలు, చేప అందులోంచే పోతుంది. ముఖ్యంగా ఫిల్టర్ గొట్టం, హీటర్ తీగ బయటికి వచ్చే మూల దగ్గర. అక్కడ ముదురు స్పాంజ్ ముక్క కోసి బిగించండి. మూతకు గాజు కన్నా చెక్క చట్రానికి బిగించిన నైలాన్ దోమతెర మేలని మా అభిప్రాయం. మన ఎండలకు గాజు మూత కింద నీళ్ళు వేడెక్కి కూర్చుంటాయి. తెర అయితే గాలి ఆడుతుంది, దూకిన చేప తలకు దెబ్బ తగలదు. తెర వేస్తే నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి, ఆ సంగతి కింద చెబుతాం. నీటి మట్టం తొట్టి అంచుకు మూడు అంగుళాలు తక్కువగా ఉంచాలి.

తొట్టి ఎత్తు కన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో తొమ్మిది అంగుళాల మేర నీళ్ళు పోస్తే 40 లీటర్ల పైచిలుకు పడతాయి. రెండు మూడు అంగుళాల పాంచాక్స్ ఒక మగ, మూడు ఆడ చేపలకు అది హాయిగా సరిపోతుంది. అంతే నీళ్ళు పట్టే ఎత్తైన, సన్నని తొట్టి ఈ చేపకు దండగ. కింది నీళ్ళన్నీ దానికి మేడ కింద ఖాళీ గదులే. రెండు మగ చేపల్ని ఇంత చోట్లో పెడితే రెక్కలు విప్పుకుని ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, చివరికి ఓడినది ఓ మూలన నక్కి తిండి మానేస్తుంది. దుకాణాల్లో గోల్డెన్ వండర్ పేరుతో అమ్మే పసుపు రంగు చేప చారల పాంచాక్స్‌లో తొట్లలో తీర్చిన రకం. అది నాలుగు అంగుళాల దాకా పెరుగుతుంది, కనీసం మూడడుగుల తొట్టి కావాలి.

రెండోది పై నీటి కదలిక. వెనక నుంచి జలపాతంలా నీళ్ళు పోసే ఫిల్టర్ చాలామంది వాడతారు. చేప ఉండే పొరనే అది రోజంతా తోసేస్తూ ఉంటుంది. చేప ప్రవాహానికి ఎదురీది అలసిపోతుంది, అలల్లో తిండి జాడ కనుక్కోలేదు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒక మూలన పెట్టి, బుడగలు నెమ్మదిగా వచ్చేలా వాల్వు తిప్పుకుంటే చాలు. పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వు తగిలించాలి. లేకపోతే కరెంటు పోగానే తొట్టిలో నీళ్ళు గొట్టం వెంట వెనక్కి పంపులోకి దిగుతాయి. వారానికోసారి స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కుళాయి కింద పిండితే నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు క్లోరిన్‌కు చచ్చిపోతాయి.

కదలిక బొత్తిగా లేకపోయినా చిక్కే. రెండు మూడు రోజుల్లో పైన జిడ్డు పొర కడుతుంది. మిగిలిన తిండి, చేతి నూనె, వంటింటి పొగ, అన్నీ కలిసి. ఆ పొర గాలిని లోపలికి సరిగా పోనివ్వదు. పైపొరలోనే బతికే ఈ చేపకు అది ఇబ్బందే. అచ్చు లేని తెల్ల కాగితాన్ని నీటి మీద పరిచి ఒక అంచు నుంచి మెల్లగా లేపితే జిడ్డు దానికి అంటుకుని వచ్చేస్తుంది. రెండు మూడు కాగితాలతో పని అయిపోతుంది. తొట్టి వంటింటికి దగ్గరగా ఉంటే ఇది రోజూ చేయాల్సి వస్తుంది, కాబట్టి తొట్టిని అక్కడ పెట్టకపోవడమే మంచిది.

పైన నీడ కోసం అంతరతామర కన్నా మంచి మొక్క లేదు. దాని వేళ్ళు అడుగు లోతు దాకా కుచ్చులా వేలాడతాయి, ఆడ చేపకు దాక్కోవడానికీ గుడ్లు పెట్టడానికీ అదే చోటు. నీటి పైభాగంలో సగం దాకా కప్పనిచ్చి మిగతాది ఖాళీగా ఉంచాలి. మొత్తం కప్పేస్తే రాత్రిపూట మొక్కలూ చేపలూ కలిసి ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి, తెల్లవారేసరికి చేపలు నోళ్ళు తెరుస్తుంటాయి. చెరువు నుంచి తెచ్చిన మొక్కను నేరుగా వేయొద్దు. వేళ్ళలో జలగలు, హైడ్రాలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల చిన్న చేపను పట్టి తినేస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల లెక్కన, అంటే పది లీటర్ల బకెట్లో గ్రాములో పదో వంతు పొటాషియం పర్మాంగనేట్ కలిపి, మొక్కను పది నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, వేళ్ళు విడదీసి చూసుకుని వేయాలి.

నీళ్ళ సంగతి. కుళాయి నీళ్ళయితే వెడల్పాటి బకెట్లో ఒక రోజు నిలవబెట్టాలి. తొందరుంటే 100 లీటర్లకు ఒక గ్రాము సోడియం థయోసల్ఫేట్ సాధారణ క్లోరిన్‌కు సరిపోతుంది. బోరు నీళ్ళు గట్టివైనా పాంచాక్స్ తట్టుకుంటుంది. కానీ తెర మూత వల్ల ఆవిరైన నీళ్ళకు బదులుగా మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ ఉంటే లవణాలు లోపలే మిగిలిపోయి నెలనెలా పెరుగుతాయి. గాజు అంచున తెల్లని గార కడుతోందంటే అదే గుర్తు. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళు గానీ పట్టిన వాన నీళ్ళు గానీ పోయండి. వారానికోసారి నాలుగో వంతు తీసి మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్ళే పోయండి. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మేలు. మే నెలలో నీళ్ళు 32 దాటితే తెర మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు గడ్డలు నేరుగా వేయడం తప్పు. పైపొర ఒక్కసారిగా చల్లబడితే దెబ్బ తగిలేది ఈ చేపకే.

తొట్టిలో దీపం వేసే పద్ధతి కూడా చెప్పాలి. చీకటి గదిలో తొట్టి దీపం ఠక్కున వేస్తే చేప బెదిరి పైకి దూకి మూతను గుద్దుకుంటుంది, మూతి చిట్లుతుంది. ముందు గది దీపం వేసి, ఐదు నిమిషాలాగి తొట్టి దీపం వేయండి. కొత్తగా తెచ్చిన వారం రోజులు తొట్టి మూడు వైపులా ముదురు గుడ్డ కప్పి ఉంచితే ఇంకా మంచిది.

తిండి విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. చెరువు నుంచి వచ్చిన చేప మొదట్లో కదిలే తిండే తింటుంది, పొడి తిండిని పట్టించుకోదు. దానికి తిండి అంటే అల. తేలే గింజల తిండిని జానెడు ఎత్తు నుంచి ఒక్కొక్కటిగా, చిన్న తరంగం లేచేలా వేయండి. ముందు చీమలు, పండు ఈగలు, వానాకాలంలో దీపాల దగ్గర పడే ఉసిళ్ళు వేసి, వాటితో పాటు రెండు మూడు గింజలు కలుపుతూ పోతే పది పదిహేను రోజుల్లో అలవాటు పడుతుంది. మునిగే తిండి వేస్తే అది నోటి ముందు నుంచి జారిపోయి అడుగున కుళ్ళుతుంది, నీళ్ళు పాడవుతాయి. దోమ పిల్లలు దీనికి అన్నిటికన్నా ఇష్టం. అయితే తిండి కోసం బకెట్లో వాటిని పెంచేవాళ్ళు నాలుగో రోజుకల్లా వడకట్టి బకెట్ బోర్లించాలి. వేడి రోజుల్లో గుడ్డు నుంచి దోమ అవడానికి వారం చాలు. దోమల్ని తగ్గించడానికి చేప తెచ్చుకుని ఇంట్లోనే దోమలు పెంచితే అర్థం లేదు.

మరొక ప్రమాదం చాలామందికి తెలియదు. దోమల బిళ్ళలు, గోడకు తగిలించే ద్రవాలు, పిచికారీ మందుల్లో ఉండేవి పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు. మనకు అంతగా హాని చేయని మోతాదు కూడా చేపలకు విషమే. ఎయిర్ పంపు ఆ గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి బుడగలుగా వదులుతుంది. తొట్టి ఉన్న గదిలో వాటిని వాడొద్దు. వీధిలో పొగ కొట్టే బండి వస్తే కిటికీలు మూసి, పంపు ఆపి, తొట్టి మీద తడిగుడ్డ కప్పండి. పొగ వాసన పోయాకే మళ్ళీ నడపండి. పంపు ఓ గంట ఆగినా పాంచాక్స్‌కు ముప్పు లేదు, పైనున్న ఆక్సిజన్ నిండిన పలుచని పొరలో మొప్పలాడించుకోగలదు. మందు తగిలి చచ్చిన పురుగుల్ని ఏరి చేపకు తిండిగా వేయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

జతగా వేసే చేపల్ని నోటి కొలతతో ఎంచుకోండి. పాంచాక్స్ నోట్లో పట్టే ప్రతిదీ దానికి తిండే. నియాన్ టెట్రాలు, గప్పీ పిల్లలు మిగలవు. అడుగున, నడుమ తిరిగే రెండంగుళాల పరిగె జాతులు బాగా సర్దుకుంటాయి.

రోగాల్లో వెల్వెట్ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. చీకట్లో టార్చి పక్క నుంచి వేసి చూస్తే ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు మెరుస్తుంది. చేప రెక్కలు ముడుచుకుని గాజుకు ఒళ్ళు రుద్దుకుంటుంది. వేరే తొట్టిలోకి మార్చి లీటరుకు 2 గ్రాముల కల్లుప్పును రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కలిపి, వేడి 28 దగ్గర నిలిపి, వెలుతురు తగలకుండా కప్పి పది రోజులు ఉంచాలి. ఈ రోగం తెచ్చే పరాన్నజీవి వెలుతురుతో కూడా ఆహారం చేసుకోగలదు కాబట్టే చీకటి. అంతరతామరకు ఆ ఉప్పు పడదు, కాబట్టి మొక్కలున్న పాత తొట్టిలో దాన్ని కలపొద్దు.

పిల్లల్ని తీయడం కష్టం కాదు, ఓపిక కావాలి. ఈ చేప ఒక్కసారిగా గుడ్లు పెట్టదు, రోజుకు కొన్ని చొప్పున వారాల తరబడి పెడుతుంది. ముదురు ఆకుపచ్చ ఊలు జానెడు పోగులు ఒక ముప్పై తీసుకుని, రంగు దిగిపోయే దాకా మరిగించి, ఒక చివర ముడివేసి థర్మాకోల్ ముక్కకు కట్టి తేలేయండి. ఆడ చేప వేళ్ళ కుచ్చు అనుకుని అందులో పెడుతుంది. గుడ్డుకు సన్నని అంటు దారాలుంటాయి, పెంకు గట్టిది, వేళ్ళతో తీసినా చితకదు. రెండు రోజులకోసారి తీయకపోతే తల్లిదండ్రులే తినేస్తాయి. వాటిని ఒక అంగుళం లోతు నీళ్ళున్న చదును డబ్బాలో వేసి, బూజు పట్టకుండా, నీళ్ళు లేత ఆకాశం రంగు వచ్చేలా మిథిలీన్ బ్లూ మందు చుక్క కలపండి. తెల్లబడ్డ గుడ్డు పోయినట్టే, బూజు పక్కవాటికి పాకకముందే ఏరేయాలి. 26 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి.

పుట్టిన పిల్ల కూడా పైనే ఉంటుంది. ఇక్కడే చాలామంది నష్టపోతారు. మైక్రోవార్మ్‌లు అనే సన్నని పురుగుల్ని వేస్తారు, అవి అడుగుకు దిగిపోతాయి, పైన పిల్లలు ఆకలితో చస్తాయి. లీటరు నీళ్ళకు 25 గ్రాముల ఉప్పు కలిపి, అర చెంచా ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య లాంటి జీవి) గుడ్లు వేసి గాలి వదిలితే ఒక రోజులో పురుగులు పొదుగుతాయి. వాటిని వడకట్టి కడిగి వేయాలి. పిల్లల డబ్బాలో నీళ్ళు రెండంగుళాలు మించనివ్వకుండా, పై నుంచి దీపం పెడితే ఆర్టీమియా వెలుతురుకు పైకి వస్తాయి, పిల్లల నోటికి అందుతాయి. రోజుకు రెండు మూడు సార్లు కొంచెం కొంచెంగా వేసి, మిగిలినవి తీసేయాలి. పిల్లలు ఒక్క తీరున ఎదగవు. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, కాబట్టి వారానికోసారి పరిమాణాన్ని బట్టి విడదీయాలి.

దోమల కోసమే అయితే గాజు తొట్టి అక్కర్లేదు. రెండడుగుల వెడల్పు తామర కుండీలో మూడు నాలుగు పాంచాక్స్‌లు చాలు. కొత్త సిమెంటు కుండీ అయితే సున్నం దిగేదాకా మూడు వారాలు నీళ్ళు నింపి, పారబోసి, మళ్ళీ నింపాలి. నీటి మట్టం అంచుకు నాలుగు అంగుళాలు తక్కువ ఉంచి, పొర్లే చోట తూటు వేసి తెర బిగించకపోతే మొదటి పెద్ద వానకే చేపలు కాలవలో పడతాయి. లకుముకి పిట్టకు కనబడకుండా సగం ఆకుల నీడ ఉంచండి. తాగే నీళ్ళ ట్యాంకులో వేయొద్దు, క్లోరిన్‌కు బతకవు.

చేపల్ని ఊరి కాలవలోంచి ఓ పిడికెడు తెచ్చుకుంటే సరిపోతుంది. కొల్లేరు, కోరింగ లాంటి అభయారణ్యాల్లో మాత్రం వల వేయకూడదు. పిల్లలు ఎక్కువైతే తోటి పెంపకందార్లకు ఇవ్వండి. తొట్టిలో పెరిగిన చేపను, అది మన పాంచాక్స్ అయినా సరే, తిరిగి చెరువులో వదలొద్దు. దానితో పాటు దుకాణపు చేపల రోగాలు చెరువుకు పోతాయి. గోల్డెన్ వండర్‌ను అసలే వదలొద్దు.

ఈ వానాకాలం మీ ఆరోగ్య పేజీలో కుండీలకు చేపల సలహా ఇచ్చేటప్పుడు గంబూసియా బదులు పాంచాక్స్ పేరు వేయండి, పక్కనే నెత్తిన వెండి చుక్కతో దాని ఫొటో వేయండి. కాలవ గట్టున నిలబడ్డ పాఠకుడు దాన్ని గుర్తుపట్టడానికి ఆ ఒక్క గుర్తు చాలు.

ఇట్లు,
మంచినీటి చేపలు పెంచే కొందరు పాఠకులు